మబ్బుతోనే రాప్పా

పగలును పగలుగా, రాత్రిని రాత్రిగా వేరుచేసి, ఆ రెండింటి మధ్య తన పిల్లల కోసం ఇంకొక వేళను దాచి ఉంచిన దేవునికి స్తోత్రం. ఎడారిలో తన ప్రజల ముందు మేఘమై నడిచినవాడికి మహిమ. చదువుకున్న సేవకుడి మందబుద్ధిని ఒక ముసలమ్మ నోటితో దిద్దిన ఆ దయకు వందనాలు. నాకు చేసిన ఆ మేలు మరుపున పడకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కృష్ణా ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. వేదాంత పాఠశాలలో చదువు ముగిశాక నన్ను పుంగనూరులోని ఒక చిన్న సంఘానికి పంపారు. నాకూ నా భార్యకూ రాయలసీమ కొత్త. ఈ మాటతీరు అంతకంటే కొత్త. ‘యాడికి పోతాండావు’ అంటే మొదట్లో ఎవరో వేరే మనిషిని అడుగుతున్నారనుకునేవాణ్ణి. ‘యాల’ అంటే ‘ఎందుకు’ అని తెలియడానికీ కొన్నాళ్ళు పట్టింది. అయినా తెలుగు తెలుగే కదా, నెలలో పట్టుకుంటాను అని ధైర్యం.

మబ్బు అనే మాట మీద మాత్రం నాకు అనుమానమే లేదు. మబ్బంటే మేఘం. మేఘాల మీద నేను అప్పటికే మూడు ప్రసంగాలు చేసి ఉన్నాను. అరణ్యంలో దారి చూపిన మేఘం, కరువు తర్వాత సముద్రం మీద మనిషి చెయ్యంత లేచిన మేఘం, ప్రభువును శిష్యుల కళ్ళ ముందు నుంచి అందుకున్న మేఘం. ఇంతకు మించి మబ్బులో ఏముంటుంది?

మా సంఘంలో ఒక అవ్వ ఉంది. నలభై దాటాక, ఇంటింటికీ వచ్చే ఒక సువార్తికురాలి దగ్గర పలక మీద అక్షరాలు దిద్దుకుని చదవడం నేర్చిన మనిషి. అంతకుముందంతా కూలి పనే. ఇప్పుడు కొడుకూ కోడలూ ఇద్దరూ బెంగళూరు దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో నెల జీతానికి పనిచేస్తున్నారు. ఇల్లు డాబా అయింది. కానీ అవ్వకు గర్వం ఆ డాబా గురించి కాదు. ఈస్టరు రోజు తెల్లవారకముందే సమాధుల తోటలో జరిగే ఆరాధనలో ఒక వాక్యభాగం ఆమెది. ప్రభువు శిష్యురాలొకామె ఆయన సమాధి దగ్గరికి వెళ్ళి, రాయి తీసివేసి ఉండటం చూసిన ఆ భాగం. చదవడం వచ్చిన సంవత్సరం నుంచి అది ఆమే చదువుతోంది. ఇంకెవరూ అడగరు.

నేను వచ్చాక మొదటి శ్రమదినాల నాటికి, అంటే ఈస్టరుకు ముందటి నలభై రోజుల నాటికి, ఆమె కళ్ళకు పొర బాగా కమ్మింది. కుడి కన్ను ముందే మందగించిందట, ఇప్పుడు ఎడమ కన్ను కూడా. సంఘ పెద్ద ఒకాయన మెల్లగా నా చెవిన వేశాడు. ఈసారి ఆ భాగం కాలేజీ చదివే ఒక అమ్మాయికి ఇద్దామని. ఆ మాట అవ్వకు ఎట్లా తెలిసిందో, మర్నాడు గోడ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“అయ్యగారూ, నా బాగం ఇంకొకరికి ఇయ్యద్దప్పా. ఆపరేసను సేయించుకుంటా. మదనపల్లి ఆస్పత్రిలో సోమారం రమ్మనిండారు. కొడుక్కీ కోడలికీ లీవు దొరకలా. నువ్వొచ్చి ఆడ నిలబడితే సాలు.”

“తప్పకుండా వస్తానండీ మామ్మగారూ,” అన్నాను.

“మామ్మంట!” అని నా భార్య వైపు తిరిగి నవ్వింది. “అవ్వా అని పిలవమనమ్మా మీ ఆయన్ని. సోమారం మబ్బుతోనే రాప్పా, పోదాం. ఎండెక్కితే నా కన్ను తాళదు.”

సరే అన్నాను. నాకు అర్థమైంది ఇది: పొర కమ్మిన కంటికి ఎండ పడదు, కాబట్టి సోమవారం మబ్బు పట్టి ఉంటేనే రమ్మంటోంది, లేకపోతే ఇంకో రోజు. ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన చీటీ ఆమె సంచిలో ఉంది. అందులో ఏ గంట రాశారో చూపించమని నేను అడగలేదు.

సోమవారం ఎనిమిదింటికి తలుపు తీసి ఆకాశం చూశాను. కడిగిన పళ్ళెంలా ఉంది. మార్చి నెల ఎండ అప్పుడే వీపు మీద చురుక్కుమంటోంది. పాపం అవ్వ, ఈ ఎండలో ఎలా వస్తుంది అనుకుని, లోపలికి వెళ్ళి ఆదివారం ప్రసంగానికి కూర్చున్నాను. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మబ్బు కోసం దేవుణ్ణి అడిగాను కూడా. నా భార్య ఆమేన్ అంది.

మంగళవారం పదింటప్పుడు పడమటి వైపు, దూరంగా కొండల మీద, చిన్న మబ్బు తునక కనిపించింది. నిజంగానే మనిషి చెయ్యంత. నా ఒళ్ళు పులకరించింది. సంఘ పెద్దాయన బైకు అడిగి తీసుకుని అవ్వ ఇంటికి దూసుకెళ్ళాను. ఆమె గడప దగ్గర కూర్చుని చేత్తో తడుముతూ చింతపండు గింజలు తీస్తోంది. పక్కింటావిడ చాటతో ఎదురుగా కూర్చుని ఉంది.

“అవ్వా! మబ్బు వచ్చిందండీ, పదండి!”

అవ్వ చెయ్యి ఆగింది. “ఏం మబ్బప్పా? పొద్దు నెత్తికొస్తాంటే!”

“అదిగో, పడమటి వైపు చూడండి. చిన్నదే, కానీ పెరుగుతుంది.”

“నాకు కండ్లు కనపడితే నిన్న నీకోసం యాల కాసుకుంటా?”

పక్కింటావిడ చాట కింద పెట్టి నన్ను కింద నుంచి పైకి చూసింది. “అయ్యగారూ, మబ్బంటే ఏమనుకున్నారు?”

“మబ్బంటే... మేఘం కదండీ?”

ఆవిడ నవ్వు నాలుగిళ్ళకు వినిపించింది. అవ్వ నవ్వలేదు. ఆశ్చర్యపోయింది. తర్వాత తప్పు తనదే అన్నట్టు నెమ్మదిగా చెప్పింది. “మబ్బంటే ఇంగా తెల్లారకముందు నాయనా. కోడి కూసినాక, మొగం మొగం కనపడకముందు. నిన్న మబ్బుతోనే లేసి, తానం సేసి, సంచి పట్టుకోని ఈ గడప మీదనే కూసున్నా. కొడుకూ కోడలూ కంపెనీ బస్సెక్కి పోయిరి. పాలోడు వచ్చె. పిలకాయలు ఇస్కూలుకు పోయిరి. నువ్వు మాత్రం రాకపోతివి. అయ్యగారికి ఏం కష్టమొచ్చెనో ఏమో అని ఈడనే ప్రార్థన సేసుకుంటా ఉంటిని.”

నేను ఇంట్లో కూర్చుని మబ్బు కోసం ప్రార్థన చేస్తుంటే, ఆమె గడప మీద కూర్చుని నా కోసం ప్రార్థన చేసింది.

“ఫోన్ చేయకపోయారా అవ్వా?”

“ఆ గుండీలు కనపడితే ఇంగ ఆపరేసను యాల?”

అప్పుడు ఆమె కూడా నవ్వింది. నాకు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది.

అప్పటికప్పుడే బస్సెక్కించి మదనపల్లెకు తీసుకువెళ్ళాను. టమాటా లారీలు అడ్డం పడి మార్కెట్టు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ చూసి తల అడ్డంగా ఊపింది. నిన్న ఉదయం ఆరున్నరకు రావాల్సింది. ఆపరేషన్ చేసే డాక్టరుగారు ఆ రాత్రికే తన ఊరు వెళ్ళిపోయారు. మళ్ళీ ఈస్టరు పండగ తర్వాతే.  తిరుగు బస్సులో అవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పుంగనూరు దగ్గరపడ్డాక, “ఆ పాపకే ఇయ్యప్పా నా బాగం. బాగనే సదువుతాది,” అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆమె కన్ను ఇంకో నెలకైనా బాగవుతుంది. కానీ ఈ ఈస్టరు ఆమె చేతిలోంచి జారిపోయింది. జారవిడిచింది నేను.

ఆదివారానికి కథ సంఘమంతా పాకింది. ఆరాధన మొదలుపెట్టబోతుంటే ముందు వరుసలోంచి పెద్దాయన అన్నాడు. “అయ్యగారూ, బయట మబ్బుండాదా? ఉంటేనే మొదలుపెట్టండి.” నాలుగు వరుసలు ఘొల్లున నవ్వాయి. ఆ సాయంత్రం నా భార్య నీళ్ళ కుళాయి దగ్గర నుంచి అయోమయంగా ఇంటికి వచ్చింది.

“ఏమండీ, మబ్బంటే మేఘం, మబ్బంటే తెల్లవారుజాము. మరి, మీ ఆయన కొంచెం మబ్బంట గదా అని ఒకావిడ నన్నడిగింది. అదేంటండీ?”

ఆ మూడో అర్థం నాకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. బుర్ర మందంగా ఉన్నవాణ్ణి కూడా ఇక్కడ మబ్బనే అంటారు.

నేను ఊరుకోలేకపోయాను. మదనపల్లె నర్సమ్మకు ఫోన్ చేసి వేరే దారి ఉందా అని అడిగాను. ఆమె జాలిపడి కుప్పంలో ఒక ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ ఉన్నారని చెప్పి, తానే మాట్లాడి శుక్రవారానికి వీలు చేసింది. పొద్దున ఎనిమిదికల్లా అక్కడుండాలి. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి కుప్పం. అంటే మబ్బుతోనే బయలుదేరాలి.

ఈసారి పొరపాటు జరగకూడదని అలారం రెండు ఫోన్లలో పెట్టాను. నేను తలుపు తట్టేసరికి అవ్వ లోపల నుంచి అరిచింది. “ఎవురది?”

“నేనే అవ్వా. మబ్బుతోనే వచ్చాను.”

“ఇది మబ్బా? ఇది నడిరేయప్పా! ఇంగా కోడి కూడా కూయలా. ఈయనకు మబ్బు పట్టుకోనూ రాదు, ఇడిసిపెట్టనూ రాదు!” అంటూ తలుపు తీసింది. కోడలు నిద్రమొహంతో నాకు కాఫీ ఇచ్చి నవ్వు ఆపుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె నాకు మబ్బు నేర్పింది. కళ్ళు సరిగా కనపడని మనిషి, కళ్ళున్న నాకు. అద్దం కొంచెం జరపమంది. “కండ్లు మబ్బయినా మబ్బు తెలస్తాది నాయనా. సూడు, గాలి సల్లగా మారింది. ఈడ ఎవురో పొయ్యి ఎలిగించినారు, పొగ వస్తాండాది. ఆవులు లేసినాయి, మెడలో గంట ఇను. మీ ఊర్లో దీన్నేమంటారు?”

“తెల్లవారుజాము అంటామవ్వా.”

“అంత పొడుగా! అది పలికేలోపల తెల్లారిపోతాదే.”

గంగవరం పొలాల మీద వెలుతురు మెల్లగా పరుచుకుంది. చీకటి కొమ్మలు కొమ్మలుగా, గట్లు గట్లుగా విడివడింది. టమాటా పెట్టెలు నింపుతున్న ఆడవాళ్ళు తలెత్తి బస్సు వైపు చూశారు. “ఇప్పుడు పోయింది మబ్బు,” అంది అవ్వ. ఎలా తెలిసిందో నేను అడగలేదు. వేదాంత పాఠశాలలో ఇన్నేళ్ళు చదివి, ఈ వేళను నేను ఎప్పుడూ నిద్రలోనే పోగొట్టుకున్నానని మాత్రం తోచింది.

కుప్పంలో డాక్టరమ్మది కర్ణాటక. తెలుగు, కన్నడ, అరవం మూడూ కలిపి మాట్లాడుతుంది. టార్చి వేసి కన్ను చూస్తూ, “ఎన్నాళ్ళ నుంచి అమ్మా ఇట్లా?” అంది.

“నా కంటికి ఏడాదిగా మబ్బు తల్లీ. మా అయ్యగారికి పుట్టినప్పటి నుంచి మబ్బు,” అని అవ్వ కథంతా చెప్పింది. చేతులు తిప్పుతూ, చింతపండుతో సహా. డాక్టరమ్మ టార్చి పక్కన పెట్టి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. “మా కన్నడలోనూ మసకబారితే మబ్బే అంటాం. మీ అయ్యగారి మబ్బుకు నా దగ్గర మందు లేదు. నీది మాత్రం తీసేస్తాను.”

లోపలికి తీసుకువెళ్ళే ముందు అవ్వ నా చెయ్యి పట్టుకుంది.  తన కోసం ప్రార్థన చేయమని అడుగుతుందనుకున్నాను. “డాక్టరమ్మ పేరు పెట్టి ప్రార్థన సెయ్యి. నాకు మబ్బు అలవాటే, ఆయమ్మకు సెయ్యి వణకకూడదు,” అంది. అట్లాగే చేశాను.

మర్నాడు పట్టీ విప్పారు. అవ్వ కాసేపు కళ్ళార్పుతూ గోడను, కిటికీని, నర్సమ్మ చీరను చూసింది. ఆ తర్వాత నన్ను. తేరిపార చూసింది.

“ఓరి దేవుడా, ఇంత పిలకాయవా నువ్వు! గొంతు ఇని వయసైనోడివి అనుకోని అయ్యగారూ అయ్యగారూ అంటా ఉంటినే!”

ఆ రోజు నుంచి నేను ఆమెకు నాయనానే. నలుగురిలో మాత్రం అయ్యగారు.

అంతా అయిపోలేదు. కంట్లో చుక్కలు వేయాలి, పొయ్యి పొగ తగలకూడదు, తల వంచకూడదు. కళ్ళద్దాలు కొలిచి ఇవ్వడానికి నెల పడుతుంది. ఈస్టరుకు రెండు వారాలే ఉంది. అద్దాలు లేకుండా గ్రంథంలోని సన్న అక్షరాలు అవ్వకు అందవు. కాలేజీ అమ్మాయి తానే వచ్చి, “నేను చదవను, అవ్వే చదవాల,” అని పెద్దాయనకు చెప్పేసి వెళ్ళింది. నా భార్య ఆలోచించి, పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, వెనకవైపు మందపాటి స్కెచ్ పెన్నుతో ఆ వాక్యభాగమంతా ఇంతింత అక్షరాల్లో రాసింది. ఏడు కాగితాలయ్యాయి. ముందుగా ఒకసారి చదివి చూసుకోమంటే అవ్వ ఒప్పుకోలేదు. “కన్నును ఆ దినానికే దాసిపెడతా. అయినా నాకు నోటికి రాదా ఏంది?”

ఈస్టరు నాడు మబ్బుతోనే అందరం సమాధుల తోటకు చేరాం. ఆ మాట ఇప్పుడు నాకు నోట్లోంచి దానంతటదే వస్తుంది. తమ తమ వాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు, చామంతులు. పాట అయ్యాక అవ్వ తెల్లచీర కొంగు సవరించుకుని ముందుకు వచ్చింది. నా భార్య ఒకవైపు కాగితం, ఇంకోవైపు ఫోను లైటు పట్టుకుని నిలబడింది. అవ్వ వేలు పెట్టి మొదలుపెట్టింది. గొంతు స్థిరంగా ఉంది. ఆదివారం అని చదివింది. ఇంకా అని చదివింది. ఆగిపోయింది.

కాగితానికి మొహం దగ్గరగా పెట్టింది. దూరంగా జరిపింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. కన్ను అందడం లేదా?

వెనక నుంచి ఎవరో అందించారు. “మబ్బు, అవ్వా! మబ్బుండంగానే!”

“నాకు తెలుసులే, గమ్మునుండు,” అంది అవ్వ. నా భార్య వైపు తిరిగింది. “అమ్మగారూ, ఈడ తప్పు రాసినావమ్మా. మబ్బు అని ఉండాల. నువ్వు చీకటి అని రాసినావు. మీ పక్కోళ్ళకు మబ్బు తెలీదు గదా, పోనీలే.”

నా భార్య కంగారుగా నన్ను చూసింది. నేను పెద్ద అక్షరాల గ్రంథం తెరిచి, లైటు కింద పట్టుకుని అవ్వ ముందుంచాను. ఆమె వేలు ఆ చోటు మీద చాలాసేపు నిలిచింది. చీకటి. అచ్చులో స్పష్టంగా చీకటే.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళుగా అవ్వ అక్షరాలు సగం చూసి, సగం నోటికి వచ్చినట్టు చదివేది. చీకటి ఉన్నచోట తన మాట పెట్టుకుంది. సంఘమంతా అదే విని, అదే నేర్చుకుంది.

“ఇన్నేండ్లూ నేను తప్పు సదువుతాంటే ఒక్కరూ సెప్పలేదే!” అంది అవ్వ.

“తప్పేముండాది అవ్వా, మాకూ అదే నోటికొచ్చు. మబ్బనే సదువు,” అన్నాడు పెద్దాయన.

అవ్వ తల ఊపింది, కాదని. “రాసింది రాసినట్టే సదవాల. కండ్లిచ్చింది అందుకే గదా.”

మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టి, చీకటి అని రాసినచోట చీకటి అనే చదివింది. ఒక్క అక్షరం తప్పకుండా ఏడు కాగితాలూ చదివింది.  చివరి కాగితం నా భార్య చేతికిచ్చి, వెళ్ళబోయి, వెనక్కి తిరిగింది.

“ఆ తల్లికి అది చీకటేనప్పా. సమాది కాడికి పోయేటప్పుడు ఆయమ్మకేం తెలుసు, సచ్చిపోయినాయన లేసిండాడని? అందుకే చీకటి అని రాసిండారు. సరిగానే రాసిండారు. మనకు తెలుసు తెల్లారతాదని. అందుకే మనకది మబ్బు.”

అంతే చెప్పి వెళ్ళి తన చోట కూర్చుంది. నేను రాసి తెచ్చుకున్న ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పటికి తూర్పున తెలుపు పడుతోంది. ఒకరి మొహం ఒకరికి కనపడసాగింది. పాట ఎత్తుకోమని పెద్దాయనకు సైగ చేశాను.

అవ్వ కుడి కన్ను ఇంకా మిగిలి ఉంది. వచ్చే నెల కుప్పంలోనే ఆ ఆపరేషన్. బస్సు వేళ ముందే కనుక్కున్నాను. చదివిన మీరందరూ ఆ కన్ను కోసం, ఆ డాక్టరమ్మ చెయ్యి వణకకుండా ఉండటం కోసం మాతో కలిసి దేవుణ్ణి అడగండి. మీలో ఎవరికైనా ఇప్పుడు చుట్టూ చీకటిగా ఉంటే, ఆ మాట కూడా ఆయనకు చెప్పుకోండి. మీ కోసం మేమూ అడుగుతాం, రోజూ, మబ్బుతోనే లేచి. ఆమేన్.